ఏటివాలుకు రెండు రోజులు



"అన్నా, నాకు ఈత రాదు. నేనూ రావచ్చా?"

వేసవిలో స్నేహితులం కలిసి కెనూలు వేసుకుని ఏట్లోకి వెళ్దాం, రాత్రికి ఒడ్డునే టెంట్లు వేసుకుందాం అని వాట్సాప్ గ్రూపులో ఒక మాట పడేస్తే, వచ్చే జవాబుల్లో ఇదొకటి తప్పకుండా ఉంటుంది. గ్రూపులో రాదు, విడిగా వస్తుంది. అందరి ముందూ అడగడానికి మొహమాటం మరి. నన్నడిగితే ప్లానింగు మొదలుకావాల్సింది ఆ మెసేజి దగ్గరే. టెంటు ఎవరిది, కూలర్ ఎంత పెద్దది, చికెన్ ఎవరు నానబెడతారు అనేవన్నీ తర్వాతి సంగతులు. రోజుకు ఎంత దూరం వెళ్ళాలి, ఏ నెలలో వెళ్ళాలి, ఎవరి పడవలో ఎవరు కూర్చోవాలి అనే మూడూ ఆ గుంపులో అందరికన్నా బెరుకున్న మనిషిని చూసి తేల్చాలి. జిమ్ములో కండలు పెంచిన వాణ్ణి చూసి కాదు.

నేను చెప్పబోయే ఏరు అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం దక్షిణాన, ఓజార్క్ కొండల్లో ఉంది. పేరు కరెంట్ రివర్. సెయింట్ లూయిస్ నుంచి కారులో రెండున్నర గంటలు. సెయింట్ లూయిస్‌లో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. పక్క రాష్ట్రం అర్కన్సాలో, వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న బెంటన్‌విల్‌లోనూ తక్కువేం లేరు. వాళ్ళకు దగ్గరలో బఫెలో అనే ఏరుంది. 1972లో దేశంలోకెల్లా మొదటి జాతీయ నదిగా ప్రకటించింది దాన్నే. ఎత్తైన సున్నపురాతి గోడల మధ్య పారుతుంది, అందంలో దేనికీ తీసిపోదు. కానీ జూన్ సగమయ్యేసరికి దాని ఎగువ భాగంలో నీళ్ళు పలచబడిపోతాయి. అప్పుడు కెనూ మనల్ని మోయదు, మనమే దాన్ని రాళ్ళ మీద ఈడ్చుకుపోవాలి. జులైలో సెలవులు దొరికే గుంపుకు నేను కరెంట్ రివరే చెబుతాను.

ఎందుకంటే ఈ ఏటిని బతికించేది వానలొక్కటే కాదు, ఊటలు కూడా. అక్కడి నేలంతా నీటికి కరిగే రాయి. కురిసిన వాన పగుళ్ళలోంచి, గుంటల్లోంచి నేల కిందికి దిగి, చీకటి సొరంగాల్లో మైళ్ళ కొద్దీ నడిచి, ఏటి పక్కన ఎక్కడో ఒకచోట నీలంగా ఉబికి వస్తుంది. వాన్ బ్యూరెన్ అనే ఊరి దగ్గర బిగ్ స్ప్రింగ్ అని ఒకటుంది. సగటున రోజుకు ఇరవై ఎనిమిది కోట్ల గ్యాలన్లకు పైగా నీళ్ళు, అంటే వంద కోట్ల లీటర్లు దాటి, ఆ ఒక్క ఊటలోంచి వచ్చి ఏట్లో కలుస్తాయి. ఇలాంటివి, దీనికన్నా చిన్నవి, దారి పొడుగునా ఉన్నాయి. అందుకే మండు వేసవిలోనూ కెనూ తేలేటన్ని నీళ్ళుంటాయి. ఆ ఊటనీరు చలికాలమైనా ఎండాకాలమైనా ఒకే చల్లదనంలో ఉంటుంది, దాదాపు 14 డిగ్రీల సెల్సియస్. పైన ముప్ఫై అయిదు డిగ్రీల ఎండ, కింద 14 డిగ్రీల నీళ్ళు. ఊట కలిసేచోట ఏట్లోకి దూకినవాడి నోటివెంట మాట రావడానికి కాస్త సమయం పడుతుంది. తెల్లవారుజామున నీటి మీద పొగమంచు కమ్ముకునేదీ ఈ తేడా వల్లే.

ఈ ఏరు ఇలా మిగలడం దానంతటదే జరగలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ కొండల మీది పైన్ చెట్లను కంపెనీలు నరికేశాయి. రైలు పట్టాల కింద వేసే దుంగలను తెప్పలుగా కట్టి ఇదే నీటి మీద దిగువకు తోలేవాళ్ళు. తర్వాత ఆనకట్టలు కట్టాలన్న ఆలోచనలు వచ్చాయి. వద్దన్నవాళ్ళలో లియొనార్డ్ హాల్ అనే రచయిత ఒకాయన. కరెంట్ రివర్ మీద తన ప్రయాణాల గురించి 1958లో 'స్టార్స్ అప్‌స్ట్రీమ్' అని పుస్తకం రాశాడు. 1964లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఈ ఏటినీ, దీనిలో కలిసే జాక్స్ ఫోర్క్‌నూ కలిపి 134 మైళ్ళ మేర జాతీయ ఉద్యానవనాల శాఖ కిందికి తెచ్చింది. అక్కడ తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న కుటుంబాలు కొన్ని భూములు వదులుకోవాల్సి వచ్చింది. అది అందరికీ నచ్చిన పని కాదు. మనం వెళ్ళి హాయిగా టెంటు వేసుకునే తిన్నె ఎవరో ఒకరి పొలం గట్టు అయివుండవచ్చునని ఆ ఊళ్ళ పెద్దవాళ్ళతో మాట కలిపితే తెలుస్తుంది.

సరే, దారి సంగతి. రెండు రోజులు, మధ్యలో ఒక రాత్రి అనుకుందాం. ఏకర్స్ అనే రేవు దగ్గర ఎక్కి, పుల్‌టైట్ మీదుగా, రౌండ్ స్ప్రింగ్ దగ్గర దిగడం. మొత్తం పంతొమ్మిది మైళ్ళ లోపు. గ్రూపులో ఎవరో ఒకరు గూగుల్ మ్యాపు తీసి "ఇంతేనా? ఒక్క రోజులో కొట్టేయొచ్చు బావా" అంటారు. కొట్టేయొచ్చు. ఏటి వేగమూ, మన తెడ్డు వేగమూ కలిపితే గంటకు రెండు మూడు మైళ్ళు నడుస్తుంది కెనూ. కానీ మధ్యాహ్నం భోజనం ఉంది. నీళ్ళలో దిగడం ఉంది. ఒకడి చెప్పు కొట్టుకుపోతే వెతకడం ఉంది. ఏకర్స్ నుంచి అయిదు మైళ్ళు దిగాక కేవ్ స్ప్రింగ్ అని ఒక గుహ వస్తుంది. నోరు ఏటి మట్టానికే తెరుచుకుని ఉంటుంది. కెనూతో సహా లోపలికి వెళ్ళిపోవచ్చు. బయటి ఎండలోంచి అందులోకి అడుగుపెడితే ఒంటికి ఒక్కసారిగా చల్లగాలి తగులుతుంది. లోపల కింద అడుగు కనబడదు, టార్చి వేసినా నీలమే. మాట్లాడేవాళ్ళంతా మాటలాపి పైకప్పు వైపు చూస్తారు. అలాంటిచోట వాచీ చూసుకుని "పదండి పదండి" అనే మనిషి గుంపులో ఉండకూడదు. ఉండకూడదంటే మైళ్ళు తక్కువ పెట్టుకోవాలి. రోజుకు పది మైళ్ళకు మించితే అది విహారం కాదు, డ్యూటీ.

వీలున్నవాళ్ళు ఇంకొక రోజు కలుపుకుని ఎగువన సెడార్ గ్రోవ్ దగ్గర ఎక్కితే వెల్చ్ స్ప్రింగ్ కూడా దారిలో తగులుతుంది. అక్కడ ఊట పక్కనే పాడుబడిన రాతి గోడలుంటాయి. 1913లో ఒక డాక్టరు ఆ స్థలం కొని, గుహలోంచి వచ్చే చల్లగాలి ఉబ్బసానికి మంచిదని నమ్మి, రోగుల కోసం కట్టించిన ఆసుపత్రి అది. ఆ కొండల్లోకి సరైన రోడ్డు లేని రోజుల్లో ఊపిరాడని మనిషిని అక్కడిదాకా ఎలా తెచ్చేవాళ్ళో ఆయన ఆలోచించినట్టు లేదు.

ఇక రోజు ఎంచుకోవడం. జులైలో శనివారం ఈ ఏరు జాతర. వరసగా కెనూలు, రాఫ్టులు, వాటి మీద స్పీకర్లు, పాటలు, బీరు. అదే కావాలనుకునేవాళ్ళకు అదే సరైన రోజు. చిన్నపిల్లలున్నా, మొదటిసారి వచ్చేవాళ్ళున్నా ఆదివారం ఎక్కి సోమవారం దిగండి. ఆదివారం మధ్యాహ్నానికి జనం తిరుగుముఖం పడతారు. సోమవారం సెలవు పెట్టాలంటే మన సాఫ్ట్‌వేర్ బిడ్డలకు ప్రాణం మీదికొస్తుందని తెలుసు. అయినా ఒక సంగతి ముందే చెప్పాలి, ఆ లోయలో సెల్‌ఫోను సిగ్నల్ అందదు. ఆన్‌కాల్ ఉన్నవాళ్ళు ఆ వారం ఎవరితోనైనా మార్చుకోవాలి. "మధ్యలో ఒక్క కాల్ చూసుకుంటాను" అనే మాట అక్కడ చెల్లదు. ఏ రేవులో ఎక్కుతున్నాం, ఏ రేవులో ఏ వేళకు దిగుతాం అనేది ఇంట్లో ఉన్నవాళ్ళకు కాగితం మీద రాసిచ్చి వెళ్ళడం మంచిది.

కెనూలు సొంతంగా కొనక్కర్లేదు. ఆ ఏటి మీద అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు. ఉద్యానవన శాఖ నుంచి అనుమతి పొందినవాళ్ళు. కెనూ, తెడ్లు, లైఫ్ జాకెట్లు ఇస్తారు. పాత స్కూలు బస్సు ఒకటుంటుంది, దాని వెనక కెనూలు పేర్చిన బండి తగిలిస్తారు. అందులో ఎక్కించుకుని ఎగువ రేవుకు చేరుస్తారు. ఫోను చేసినప్పుడు అద్దె ఎంత అని అడగడంతో ఆగకండి. మన కారును ముందుగా దిగే రేవు దగ్గర పెట్టి, అక్కణ్ణించి బస్సులో ఎగువకు తీసుకెళ్తారా అని అడగండి. అలాగైతే రెండో రోజు ఎప్పుడు దిగినా మన కారు మన ముందుంటుంది, బస్సు టైముకు పరుగెత్తక్కర్లేదు. కారు తాళం మాత్రం జేబులో వద్దు. నీళ్ళు చొరని డ్రై బ్యాగులో వేసి, ఆ బ్యాగును కెనూ అడ్డబద్దకు కట్టేయాలి. వారాంతాలకు కెనూలు ముందే నిండిపోతాయి కాబట్టి ఏప్రిల్లోనే చెప్పిపెట్టుకుంటే నయం.

ఇప్పుడు అసలైన రాజకీయం. ఎవరి పడవలో ఎవరు?

కెనూలో వెనక కూర్చున్నవాళ్ళు దారి తిప్పుతారు. ముందు కూర్చున్నవాళ్ళు బలమిస్తారు, రాళ్ళు చూసి చెబుతారు. కొత్తవాళ్ళకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ముందున్న మనిషి తానే డ్రైవరు అనుకుంటాడు. ఇద్దరు కొత్తవాళ్ళు ఒకే కెనూలో ఉంటే అది ఏటికి అడ్డంగా తిరిగి, ఒడ్డు నుంచి ఒడ్డుకు పోతూ ఉంటుంది. కాబట్టి ప్రతి కెనూలో వెనక ఒక అనుభవమున్న చెయ్యి ఉండాలి. అంతమంది లేకపోతే కెనూల సంఖ్య తగ్గించండి, లేదా కొత్తవాళ్ళకు రాఫ్టు తీసుకోండి. రాఫ్టు నెమ్మదిగా పోతుంది, కానీ తేలిగ్గా బోల్తా పడదు.

రెండో సూత్రం, మొగుడూ పెళ్ళాలను ఒకే కెనూలో ఎక్కించకండి. నేను తమాషాకు అనడం లేదు.

"ఎడమకి తిప్పండి."

"తిప్పుతూనే ఉన్నా."

"మీ ఎడమ కాదండీ, ఎడమ!"

"ఎవరి ఎడమైనా ఎడమే కదే..."

ఈలోగా కెనూ రాయికి తగిలి ఆగిపోతుంది. కారులో జీపీఎస్ లేని రోజుల్లో జరిగిన పోట్లాటలన్నీ ఏటి మీద మళ్ళీ మొదలవుతాయి. అదే వదినగారు ఇంకొకరి కెనూలో ముందు కూర్చుంటే "ఎడమ పక్క రాయి ఉందండీ" అని ఎంతో మర్యాదగా చెబుతారు, అవతలివాళ్ళు అంతే మర్యాదగా వింటారు. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టాలి. ఈత రానివాళ్ళను గుంపులో అందరికన్నా నిదానస్తుడి కెనూలో, ముందు సీట్లో కూర్చోబెట్టాలి. ఆ కెనూ వరసలో మొదటిదీ కాకూడదు, చివరిదీ కాకూడదు.

ఈత మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగుతాను. మనలో చాలామంది ఈత నేర్చుకోకుండానే పెరిగాం. ఊళ్ళో చెరువు వైపు వెళ్ళొద్దని అమ్మ కోప్పడింది, సిటీలో చెరువే లేదు. అమెరికాకు వచ్చాక నీళ్ళు కనబడతాయి, తేటగా, నిమ్మళంగా. 2022 నవంబరులో ఇదే మిస్సోరీలో, లేక్ ఆఫ్ ది ఓజార్క్స్ అనే జలాశయంలో, తెలంగాణ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు చనిపోయారు. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి రెండోవారు. దేశంలో ఏదో ఒక చోట నుంచి ఇలాంటి వార్త మన ఊళ్ళకు వెళ్తూనే ఉంది. మిస్సోరీ చట్టం ప్రకారం పడవలో ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ ఉండాలి, ఏడేళ్ళలోపు పిల్లలు దాన్ని తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్ళు తొడుక్కోవాలని గట్టిగా చెప్పడం లేదు. చాలామంది దాన్ని సీటు కింద మెత్తగా వేసుకుని కూర్చుంటారు. నేను వెళ్ళే గుంపులో అది కుదరదు. కెనూలో కాలు పెట్టాక జాకెట్ బకిల్ పెట్టుకోవాల్సిందే, ఈతలో కప్పులు గెలిచినవాడైనా సరే. ఒకరు విప్పితే ఈత రానివాడు కూడా మొహమాటానికి విప్పుతాడు, అదీ అసలు భయం. బీరు కూడా అంతే. టెంటు వేశాకే మూత తీయాలి.

కెనూ ఎక్కేముందు రేవు దగ్గరి నిలకడ నీళ్ళలో ఓ పావుగంట అందరికీ నేర్పించండి. తెడ్డును రెండు చేతులా పట్టాలి, ఒక అరచెయ్యి తెడ్డు తలకాయ మీద, రెండోది కింద కర్ర మీద. ఒక చేత్తో గరిటె తిప్పినట్టు తిప్పితే కెనూ కదలదు. పారే నీటిని చదవడమూ నేర్పాలి. నీటి పైన వి అక్షరం కొన దిగువ వైపుకు కనబడితే అది దారి, రెండు రాళ్ళ మధ్య లోతున్న చోటు. కొన మనవైపుకు, అంటే ఎగువకు ఉంటే అక్కడ నీటి కింద రాయి దాక్కుని ఉంది. ఇది ఒకసారి చూపిస్తే పదేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళకంటే ముందు పట్టేస్తారు, ఆ తర్వాత రెండు రోజులూ వాళ్ళే దారి చెబుతారు.

రాళ్ళకన్నా ప్రమాదం చెట్లతో. ఏరు మలుపు తిరిగేచోట బయటి ఒడ్డు కోసుకుపోయి, వేళ్ళతో సహా చెట్లు నీళ్ళలోకి ఒరిగి ఉంటాయి. నీళ్ళు కొమ్మల సందుల్లోంచి పోతాయి, మనిషి పోలేడు. ప్రవాహమేమో మలుపులో సరిగ్గా అటే లాగుతుంది. కాబట్టి మలుపు కనబడగానే, అక్కడికి చేరాక కాదు, ముందే లోపలి ఒడ్డు వైపుకు తెడ్డు వేయాలి. ఒకవేళ కెనూ దేనికైనా అడ్డంగా తగిలితే మనిషి సహజంగా దానికి దూరంగా, ఎగువ వైపుకు ఒరుగుతాడు. అప్పుడే నీళ్ళు అంచు మీదుగా లోపలికొచ్చి కెనూ తిరగబడుతుంది. ఒరగాల్సింది తగిలినదాని వైపుకే. బోల్తా పడితే నిలబడే ప్రయత్నం చేయకూడదు. మోకాలి లోతైనా సరే, వేగంగా పారే నీళ్ళలో పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసేస్తుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు దిగువకు చాపి, నీళ్ళు నిదానించే దాకా పోనివ్వాలి. సామాను పోతే పోతుంది.

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. అక్కడ గాజు సీసాలు నిషేధం. పగిలిన గాజు ఏటి అడుగున కనబడదు, అందరూ వట్టికాళ్ళతో దిగే నీళ్ళు. బీరు సీసాల కోసం పెట్టిన నియమమే అయినా మనవాళ్ళ దగ్గర పట్టుబడేది మాత్రం ఆవకాయ. ఇండియా నుంచి వచ్చిన ఆవకాయను గాజు జాడీలోంచి బయటికి తీయడానికి ఇంట్లో ఒప్పుకోరు. ముందురోజే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, నూనె కారకుండా రెండు కవర్లలో బిగించాలి. థర్మోకోల్ కూలర్లను కూడా మిస్సోరీ చట్టం ఏటి మీద ఒప్పుకోదు, గట్టిదే కావాలి, మూత బిగుసుకోవాలి. చెత్త కోసం వల సంచి ఒకటి ప్రతి కెనూకూ కట్టుకోవాలి.

మొదటి రోజు మధ్యాహ్నానికి పులిహోరను మించింది లేదు. చింతపండు, నూనె, ఇంగువ బాగా పట్టించిన పులిహోర ఎండకు తట్టుకుంటుంది, స్పూను అడగదు, తడి చేతుల్తో తినడానికీ బాగుంటుంది. పెరుగన్నం కూడా తెస్తామంటే కూలర్ అడుగున పెట్టాలి, మధ్యాహ్నమే అవగొట్టాలి. రాత్రికి చికెన్‌ను ఇంట్లోనే కారం, అల్లంవెల్లుల్లి పట్టించి, జిప్ కవర్లలో వేసి గడ్డకట్టించి తెస్తే రెండు పనులు జరుగుతాయి. సాయంత్రం దాకా అదే ఐసులా పనిచేస్తుంది, సాయంత్రానికి కరిగి నిప్పుల మీదికి సిద్ధంగా ఉంటుంది. ఐసు ముక్కలు కొనేకన్నా నీళ్ళ సీసాలను గడ్డకట్టించడం మేలు, కరిగాక తాగొచ్చు. ఊటనీళ్ళు ఎంత తేటగా ఉన్నా కాచకుండా, వడపోయకుండా తాగకండి. ఇందాక చెప్పానే, అది పై నేల మీది వాననీరే. దారిలో రాళ్ళు దాన్ని వడపోయలేదు, పగుళ్ళలోంచి నేరుగా వచ్చేసింది, పశువుల పేడతో సహా.

రాత్రి పడక గులకరాళ్ళ తిన్నెల మీద. మలుపుల లోపలి పక్కన ఏరు వేసిన తిన్నెలు అవి, విశాలంగా, తెల్లగా ఉంటాయి. నచ్చిన తిన్నె చూసుకుని దిగడమే. ఆ ఏడాది నియమాలేమైనా మారాయా అని మాత్రం బయల్దేరేముందు ఉద్యానవన శాఖ ఆఫీసుకు ఫోను చేసి అడగండి. నాలుగింటి నుంచే చూసుకోవాలి. "ఇంకా మంచిది వస్తుందిలే" అనుకుంటూ పోతే ఆరింటికి మంచివన్నీ ఎవరో ఒకరు ఆక్రమించి ఉంటారు. గులకరాళ్ళలో టెంటు మేకులు దిగవు. మేకులు లేకుండా నిలబడే టెంటు తెచ్చుకోవాలి, నాలుగు మూలలా లోపల బరువైన రాళ్ళు పెట్టాలి. కింద మందంగా పరుపు లేకపోతే తెల్లారేసరికి ప్రతి రాయీ ఎక్కడుందో నడుము చెబుతుంది. కట్టెలు ఇంటి నుంచి తేకూడదు, వాటితో యాష్ చెట్లను తొలిచే పురుగులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పాకుతున్నాయి. ఒడ్డున రాలిన ఎండు కొమ్మలు కావాల్సినన్ని దొరుకుతాయి. పడుకునేముందు కూలర్ మూత మీద బరువు పెట్టడమో, తాడు కట్టడమో చేయండి. రకూన్ అనే అడవి జంతువులకు చేతులున్నాయి, వాటికి జిప్పులూ తెలుసు.

తిన్నె ఎంచుకునేటప్పుడు అందం కన్నా ఎత్తు చూడాలి. ఇది ఊటల ఏరే అయినా వానకు లొంగుతుంది. 2017 ఏప్రిల్ ఆఖరులో కురిసిన వానలకు వాన్ బ్యూరెన్ దగ్గర ఏరు 37 అడుగులు దాటింది. అంతకుముందు రికార్డు 1904 నాటిది, 29 అడుగులు. రేవులు, క్యాంపులు, ఇళ్ళు కొట్టుకుపోయాయి. అలాంటిది మళ్ళీ మనం వెళ్ళిన రోజే రాకపోవచ్చు. కానీ మనమున్నచోట నక్షత్రాలు కనబడుతుండగా, ఎగువన ఎక్కడో దూరంగా ఉరుములతో వాన కురిస్తే అర్ధరాత్రి నీళ్ళు టెంటు గుమ్మంలోకి రావచ్చు. బయల్దేరే ముందు ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైటులో ఆ ఏటి నీటిమట్టం చూడండి, మూడు రోజుల నుంచి పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ముఖ్యం. పెరుగుతుంటే వాయిదా వేయండి. అడ్వాన్సు పోతుందని ఎవరైనా గొణిగితే గొణగనివ్వండి. సాయంత్రం నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పెట్టండి. రాత్రి లేచినప్పుడల్లా దాన్ని ఒక చూపు చూడండి. కెనూలను తిన్నె పైదాకా లాగి, బోర్లించి, చెట్టుకు కట్టాలి. కెనూ కొట్టుకుపోతే ఆ లోయలోంచి నడిచి బయటపడడం చిన్న పని కాదు. టెంట్ల వెనక ఎత్తైన నేలకు దారుందా అన్నది వెలుగుండగానే చూసుకోవాలి.

రెండో రోజు రౌండ్ స్ప్రింగ్ దగ్గర దిగుతాం. పైకప్పు కూలిన గుహలోంచి గుండ్రంగా, ముదురు నీలంగా ఉబికే ఊట అది. సామాను కారులో పెట్టాక పదినిమిషాలు నడిచి చూసి రావచ్చు. అలసిపోయి ఉంటారు, కారు నడిపేవాళ్ళను ముందే అనుకోవాలి, వాళ్ళు ముందురాత్రి త్వరగా పడుకోవాలి.

ఇంటికొచ్చాక చేయాల్సిన పని ఒకటుంది. ఒళ్ళంతా వెతుక్కోవడం. ఆ అడవుల్లో టిక్స్ ఉంటాయి, మన పశువులను పట్టే పిడుదుల జాతి. వెళ్ళేముందే బట్టలకు పెర్మెత్రిన్ మందు కొట్టి ఆరబెట్టుకోవాలి, ఒంటికి డీట్ ఉన్న మందు రాసుకోవాలి. వచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుం పట్టీ దగ్గర, పిల్లలకు జుట్టులో, చెవుల వెనక చూడాలి. కనబడితే నలపకుండా, సన్నటి పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగేయాలి. రెండు మూడు వారాల్లో జ్వరమో దద్దుర్లో వస్తే డాక్టరుకు ఏటి ప్రయాణం సంగతి చెప్పాలి. జ్వరాల మాట చెబితే మా గుంపులో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ ఆడదాని వీపు మీద తెల్ల చుక్క ఉండే లోన్ స్టార్ అనే టిక్ ఒకటి అక్కడ ఎక్కువ. అది కుట్టినవాళ్ళలో కొందరికి మటన్ లాంటి రెడ్ మీట్ పడకుండా పోతుంది, మటన్ తిన్న కొన్ని గంటలకు ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ఒక్కోసారి ఊపిరాడనంత దాకా వెళ్తుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మటన్ మానుకోవాల్సి రావచ్చు. ఈ ముక్క చెప్పగానే మందు డబ్బా చేతులు మారుతుంది. పులుసులో ముక్క లేనిదే ముద్ద దిగని మా బావ ఒకాయన దాన్ని టోపీకి కూడా కొట్టుకున్నాడు.